ఉలుకూ పలుకూ లేనప్పుడు

మూడు రోజులుగా ప్రమోషన్ ఫారం నింపుతున్నా. ఫారం అంటే ఓ రెండు పేజీలనుకునేరు, 22 ఏళ్ళ సర్వీసంతా ఎక్సెల్ షీట్లో ఆరబెట్టడమే, ఏ ఏడాది ఎన్ని క్లాసులు చెప్పావ్, ఎన్ని పేపర్లు, ఎన్ని వర్క్‌షాపులు, ఇన్విజిలేషన్ ఎన్ని గంటలు, ప్రతిదానికీ ప్రూఫ్ స్కాన్ చేసి పెట్టాలి, పీడీఎఫ్ రెండు ఎంబీ దాటకూడదు. 2009లో ఏదో సెమినార్‌కి వెళ్ళిన సర్టిఫికెట్ కోసం అటక మీద ట్రంకు పెట్టె దింపించా. సర్టిఫికెట్ అయితే దొరకలేదు గానీ నాలుగు మడతలు పెట్టిన నోట్‌బుక్ కాగితం ఒకటి దొరికింది, నా చేతిరాతే, "నాన్నకి తలకి దెబ్బ తగిలింది, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం, కంగారు పడకు" అని, కింద మా తమ్ముడి ఫోన్ నంబర్. డేట్ లేదు, టైము లేదు. దాని సంగతి తర్వాత చెప్తా.

ఫారంలో ఒక గడి ఉంది, మీ పరిశోధనని సామాన్యుడికి అర్థమయ్యేలా 200 పదాల్లో రాయండి అని. 200 దాటితే టైప్ చెయ్యనివ్వదు. నాది రిలయబుల్ డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్. మా అత్తగారు ఇంటికొచ్చినోళ్ళకి నన్ను పరిచయం చేసేటప్పుడు "కంప్యూటర్లు పాడైపోతే ఏటి చెయ్యాలో చదువుతాది" అంటారు, నిజం చెప్పాలంటే ఇన్నేళ్ళలో నేను కూడా ఇంతకన్నా మంచి డెఫినిషన్ రాయలేకపోయా. ఆ గడిలో అదే పెట్టేద్దామనుకున్నా, మా హెచ్ఓడీ గుర్తొచ్చి ఆగిపోయా. గడిలో పట్టనిది ఇక్కడ రాస్తున్నా, ఇక్కడైతే ఎవరూ పదాలు లెక్కపెట్టరు.

విషయం ఏంటంటే, మనం ఒకరికి ఫోన్ చేస్తాం, ఎత్తరు. అవతలి మనిషి స్నానంలో ఉండొచ్చు, ఫోన్ చచ్చిపోయి ఉండొచ్చు, సిగ్నల్ లేకపోవచ్చు, మనిషికే ఏదైనా అయ్యుండొచ్చు. ఇటు నుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి, ఉలుకూ పలుకూ లేదు, అంతే. ఒకటే కంప్యూటర్ ఉంటే ఈ గొడవ లేదు, పని చేస్తే చేస్తుంది, ఆగితే మొత్తం ఆగుతుంది. రెండు కలిపి పని చేయించాలంటే మాత్రం, ఒకటి పలకనప్పుడు అది చచ్చిందా, నెమ్మదిగా ఉందా, మధ్యలో తీగ తెగిందా అని రెండోదానికి తెలిసే దారి లేదు. నా కెరీర్ మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. బీచ్‌లో మురీ మిక్చర్ బండి దగ్గర యూపీఐ కొడితే "పెండింగ్" అని తిరుగుతూ ఉంటుంది చూడండి, డబ్బులు వెళ్ళాయో లేదో మీకూ తెలీదు, బండాయనకీ తెలీదు, ఇంకోసారి కొట్టాలా వద్దా అని ఇద్దరూ మొహమొహాలు చూసుకుంటారు కదా, అదే ఇది. అడిగింది వెళ్ళలేదా, వెళ్ళి పని అయిపోయి జవాబు ఒక్కటే రాలేదా, ఈ తేడా పట్టుకోవడమే కష్టం. అందుకే రెండుసార్లు అడిగినా పని ఒక్కసారే జరిగేలా, ప్రతి రిక్వెస్ట్‌కీ ఒక నంబర్ పెట్టి, ఆ నంబర్‌ది ముందే చేసేశానా అని సర్వర్ చూసుకునేలా రాస్తారు. వినడానికి ఎంత చిన్న విషయమో, రాసేటప్పుడు అంత పీకులాట.

ఇప్పుడు కాగితం సంగతి.

2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఎవరి కథ వాళ్ళకుంది. మేం మర్రిపాలెంలో ఉన్నాం, అమ్మా నాన్నా మా దగ్గరే. పొద్దున్నుంచీ ఆ గాలి ఈల కాదు, ఒక రకమైన మూలుగు, మధ్యలో ఒక్కసారి ప్రశాంతంగా అయిపోయేసరికి అయిపోయిందనుకుని కొందరు బయటికొచ్చారు, తర్వాత గాలి ఎదురు దిక్కు నుంచి కొట్టింది. ఆ సాయంత్రం గాలి తగ్గాక నాన్న గేటు ఎలా ఉందో చూస్తానని వెళ్ళాడు, వద్దంటే వినడు, పక్కింటి షెడ్డు రేకు వేలాడుతున్నది ఊడి వచ్చి తల మీద పడింది. రాత్రంతా తువ్వాలు కట్టి కూర్చోబెట్టాం, ఎటు కదలాలన్నా రోడ్డుకి అడ్డంగా చెట్లు. కరెంటు లేదు, ఏ ఫోన్లోనూ సిగ్నల్ లేదు. హైదరాబాద్‌లో మా తమ్ముడు టీవీలో ఎయిర్‌పోర్ట్ పైకప్పు ఊడిపోవడం చూస్తూ మా అందరి నంబర్లకీ ఒకదాని తర్వాత ఒకటి కొడుతూనే ఉన్నాడట. వాడి లెక్కలో మేం లేం. మా లెక్కలో మేం ఉన్నాం, ప్రపంచమే లేదు. నెట్‌వర్క్ పార్టిషన్, అంటే నెట్‌వర్క్ ఒకదానితో ఒకటి మాట్లాడలేని రెండు ముక్కలైపోవడం, అని బోర్డు మీద రెండు గుండ్రాలు గీసి మధ్యలో గీత కొట్టి ఏళ్ళ తరబడి పాఠం చెప్పినదాన్ని, లోపలి గుండ్రంలో కూర్చుంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

సోమవారం పొద్దున్న వీధి చివర లారీ ఆయన రాజమండ్రి వైపు వెళ్తానంటే సిగ్నల్ దొరికిన చోట తమ్ముడికి ఫోన్ చెయ్యమని ఆ కాగితం రాసిచ్చా. తర్వాత నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్ళాం, అయిదు కుట్లు వేశారు, ఏం ఫర్వాలేదన్నారు. మధ్యాహ్నం ఎదురింటి వాళ్ళ చుట్టం ఒకతను కారులో తుని వెళ్తున్నాడంటే ఇంకో కాగితం ఇచ్చా, "నాన్న బాగానే ఉన్నాడు, ఇంటికొచ్చేశాం" అని. లారీ హైవే మీద చెట్లలో, స్తంభాల్లో ఇరుక్కుపోయింది, కారు ఏ సందుల్లోంచో దూరిపోయింది. మంగళవారం సాయంత్రం తమ్ముడికి మొదటి ఫోన్ కారతని దగ్గర్నుంచి, నాన్న బాగానే ఉన్నాడు అని. వాడు హమ్మయ్య అనుకుని మూడు రోజుల తర్వాత కడుపునిండా తిని పడుకున్నాడు. బుధవారం తెల్లారి లారీ ఆయన ఫోన్, నాన్నకి తలకి దెబ్బ తగిలింది, ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు అని. వాడేం అనుకుంటాడు, నిన్న బాగున్న మనిషికి ఇవాళ ఏదో అయింది అనే కదా. దొరికిన బస్సెక్కేశాడు. రెండు బస్సులు, ఒక ట్రాక్టరు మారి గురువారం ఇంటికొచ్చేసరికి నాన్న అరుగు మీద కూర్చుని తలకి కట్టుతో కొబ్బరాకులు ఏరించి పోగు పెట్టిస్తున్నాడు.

నాన్న 30 ఏళ్ళు స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యాడు, వాల్తేరు డివిజన్‌లో సర్వీసులో ఎక్కువ భాగం సింగిల్ లైన్ స్టేషన్లే, అంటే రానూ పోనూ బళ్ళన్నిటికీ ఒకటే పట్టా ఉన్నవి. తమ్ముడు ఏడుపూ నవ్వూ కలిపి అంతా చెప్పాక ఆయన నావైపు తిరిగి "నంబరేదమ్మా స్లిప్పు మీద?" అన్నాడు. అంతే. ఓదార్పు లేదు ఏం లేదు. "నేను చేసే రోజుల్లో ప్రతి మెసేజ్‌కీ నంబరుండేది, స్టేషన్ మాస్టర్ కూతురివి, పైగా దాని మీదే పీహెచ్‌డీ అంటావు, రెండు స్లిప్పులకి ఒకటీ రెండూ అని వెయ్యలేకపోయావేటి" అని. నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే ఆ ముందు వారమే థర్డ్ ఇయర్ పిల్లలకి లెస్లీ లామ్‌పోర్ట్ అనే ఆయన 1978లో రాసిన పేపర్ చెప్పా. (అది నేను పుట్టిన ఏడాదే వచ్చింది, ప్రతి బ్యాచ్‌కీ ఈ ముక్క చెప్పి వయసు బయటపెట్టుకుంటా.) వేరు వేరు మెషీన్లలో జరిగినవాటిలో ఏది ముందో ఏది వెనకో గడియారం చూసి చెప్పలేం, ఎవరి గడియారం వాళ్ళది, అందుకని ప్రతి ఒక్కరూ ఒక అంకె పెట్టుకుని, ఏదైనా చేసినప్పుడల్లా ఒకటి పెంచుకుని, పంపే ప్రతి కబురులో ఆ అంకె పెట్టి, అందుకున్నవాడు తన అంకెని దానికన్నా పెద్దది చేసుకుంటే, కారణం ముందు, ఫలితం వెనక అనే వరస తప్పదు. ఇదంతా బోర్డు మీద బాణాలతో సహా గీసి మరీ చెప్పినదాన్ని, మా ఇంటి కబురుకి ఒక అంకె వెయ్యలేదు.

రైల్వే వాళ్ళ పద్ధతులు నాకు చిన్నప్పట్నుంచీ ఇంట్లో వినపడే మాటలే గానీ అవి నా సబ్జెక్టే అని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. రెండు స్టేషన్ల మధ్య లైన్ క్లియర్, అంటే లైను ఖాళీ, బండి పంపొచ్చు అనే మాట, ఇచ్చేటప్పుడు ఫోన్లో ప్రైవేట్ నంబర్ ఇచ్చుకుంటారు, ఒక షీటు మీద వరస లేకుండా అచ్చేసిన అంకెలుంటాయి, ఒకటి వాడాక కొట్టేస్తారు, మళ్ళీ వాడరు, ఇద్దరూ రిజిస్టర్‌లో రాసుకుంటారు, రేపు "నేను ఇవ్వలేదు" అనడానికి లేదు, పాత మాటని కొత్త మాటగా పొరబడడానికీ లేదు. రోజూ సాయంత్రం నాలుగింటికి కంట్రోల్ ఆఫీసు నుంచి టైమ్ సిగ్నల్ వస్తే అందరూ గడియారాలు సరిచేసుకునేవారు. 2012లో గూగుల్ వాళ్ళు స్పానర్ అనే డేటాబేస్ గురించి పేపర్ వేశారు, డేటా సెంటర్లలో జీపీఎస్, అటామిక్ క్లాకులు పెట్టి, గడియారం ఎంత తప్పు ఉండొచ్చో కూడా లెక్కలోకి తీసుకుని, ఆ తప్పు దాటేంతవరకూ ఆగి అప్పుడు కమిట్ చేస్తారు, అంటే మార్పు ఖాయం చేస్తారు. నాన్నకి చెప్తే "నాలుగు గంటల సిగ్నలే కదా" అన్నాడు. కాదు నాన్నా అని చెప్పబోయి, ఆలోచిస్తే మరీ కాదనడానికీ లేదు.

నేను ఇందులోకి ఎలా వచ్చానో చెప్పాలంటే పెద్ద కథేం లేదు. 2000లో బీటెక్ అయింది, అప్పుడు మా బ్యాచ్ సగం మంది అమెరికా ఫ్లైటెక్కారు, మిగతా సగం అమీర్‌పేట బస్సెక్కారు. నాకు పెళ్ళి సంబంధాలు చూస్తూ చూస్తూ ఎంటెక్‌కి పంపించారు. 2003లో సిటీ బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేరా, వారానికి 18 గంటలు సీ లాబ్, డేటా స్ట్రక్చర్స్, మధ్యలో అడ్మిషన్ల సీజన్ వస్తే బ్రోచర్లు పట్టుకుని జూనియర్ కాలేజీలకి. మద్దిలపాలెంలో బస్సెక్కితే గంట ప్రయాణం. 2008లో పార్ట్ టైమ్ పీహెచ్‌డీకి రిజిస్టర్ అయ్యాక ఆ గంటే నా రీసెర్చ్ టైము. ఫిషర్, లించ్, పాటర్సన్ 1985 పేపర్‌ని ఎన్నిసార్లు ఆ బస్సులో చదివానో లెక్కలేదు, జిరాక్స్ కాపీ మడతల దగ్గర చిరిగిపోయింది. అందులో వాళ్ళు నిరూపించింది ఏంటంటే, కబురు చేరడానికి ఎంత సేపైనా పట్టొచ్చు అనే చోట, ఒక్కటంటే ఒక్క మెషీన్ చచ్చిపోయే అవకాశం ఉన్నా చాలు, మిగతావన్నీ ఒక మాట మీదికి తప్పకుండా వస్తాయి అని గ్యారంటీ ఇచ్చే డిటర్మినిస్టిక్ పద్ధతి, అంటే బొమ్మా బొరుసూ వేసుకోని పద్ధతి, అసలు ఉండదు. చెడ్డ పద్ధతి కాదు, అసలు లేదు. కండక్టర్ టికెట్ టికెట్ అని అరుస్తుంటే నేను ఆ ప్రూఫ్ దగ్గర కూర్చుని ఉండేదాన్ని. తర్వాత చంద్రా, టోయెగ్ 1996 పేపర్ చదివా, అవతలి వాడు చచ్చాడేమో అని అనుమానించొచ్చు, ఆ అనుమానం తప్పైతే వెనక్కి తీసుకోవచ్చు, అలా తప్పులు చేసే డిటెక్టర్‌తో కూడా, ఎప్పటికో ఒకప్పటికి అది కుదురుకుంటుందంటే చాలు, సగం కన్నా ఎక్కువ మంది బతికుంటే ఒక మాట మీదికి రావొచ్చు అని. ఈ రెండూ పక్కపక్కన చదివితే వచ్చే ఆనందం నేను ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేకపోయా, చెప్తే మా ఆయన "అయితే మొదటిది తప్పా?" అన్నారు.

ఇక సామాను. మా కాలేజీ నా ప్రయోగాలకి ఇచ్చింది మూడు పాత డెస్క్‌టాప్‌లు, ఒక స్విచ్చి. కండెమ్ చేసిన వాటిలోంచి ఏరి తెచ్చినవి. యూపీఎస్ ఉంది గానీ బ్యాటరీ చచ్చింది. నేను చదివే పేపర్లలో వంద మెషీన్లు, వెయ్యి మెషీన్లు. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు తమ సర్వర్లని తామే ఎప్పుడుపడితే అప్పుడు ఆపేసే కేయాస్ మంకీ అనే ప్రోగ్రామ్ రాసుకున్నారని చదివి నవ్వుకున్నా, మాకు ఆ కోతి ఊరికే దొరికేది, మధ్యాహ్నం రెండు దాటితే కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి.

కానీ ఆ కరెంటు కోతల్లోనే నాకు నిజంగా పనికొచ్చిన పాఠం ఒకటి దొరికింది. 2015లో నా దగ్గర ప్రాజెక్ట్ చేసే అబ్బాయి రాఫ్ట్ ఇంప్లిమెంట్ చేశాడు, రాఫ్ట్ అంటే 2014లో ఒంగారో, ఔస్టర్‌హౌట్ తెచ్చిన కన్సెన్సస్ అల్గారిథమ్, అంటే మెషీన్లన్నీ ఒక మాట మీదికి వచ్చే పద్ధతి, మెషీన్లు ఓట్లేసి ఒక లీడర్‌ని ఎన్నుకుంటాయి, ఒక టర్మ్‌లో, అంటే ఒక ఎన్నిక విడతలో, ఒక మెషీన్‌కి ఒకటే ఓటు. అన్ని టెస్టులూ పాసయ్యాయి, వాడు జిలేబీలు కూడా తెచ్చాడు. ఒక రోజు కరెంటు పోయి వచ్చింది, ఒక మెషీన్ మిగతావాటికన్నా ముందు లేచింది, చూస్తే ఒకే టర్మ్‌లో ఇద్దరు లీడర్లు. అలా జరగడానికి వీల్లేదు, పేపర్‌లో ప్రూఫ్ ఉంది. రెండు రోజులు లాగ్‌లు చదివాం. తీరా చూస్తే ఆ మెషీన్ ఒకరికి ఓటేసింది, ఓటేసినట్టు డిస్క్ మీద రాశాననుకుంది, ఆపరేటింగ్ సిస్టమ్ "రాశా" అంది గానీ అది ఇంకా మెమొరీలోనే ఉంది, కరెంటు పోయింది, లేచాక దానికి ఓటేసిన సంగతే గుర్తులేదు, అదే టర్మ్‌లో ఇంకొకరికి వేసింది. ఎఫ్‌సింక్ అని, డిస్క్ మీద నిజంగా రాసేదాకా ఆగమని చెప్పే ఒక్క లైను మర్చిపోయాడు. నేను వాడికి చెప్పిందేంటంటే, పోలింగ్ బూత్‌లో వేలి మీద సిరా చుక్క ఎప్పుడు పెడతారు? ఓటేసి బయటికొచ్చాక పెడితే ఏమవుతుంది? సిరా ముందు, ఓటు తర్వాత. అప్పట్నుంచీ మా లాబ్‌లో ఎఫ్‌సింక్‌ని అందరూ "సిరా" అనే అంటారు, "సిరా పెట్టావా" అని కోడ్ రివ్యూలో అడుగుతారు, కొత్తగా చేరినోళ్ళకి మొదటి వారం అర్థం కాదు పాపం.

రిజెక్షన్ల గురించి రాయకపోతే ఇది అబద్ధం కెరీర్ అవుతుంది. నా థీసిస్‌లో ముఖ్యమైన పేపర్ నాలుగుసార్లు తిరిగొచ్చింది. అందులో మూడు సార్లు వచ్చిన రివ్యూలు గాలి మాటలే, ఇంగ్లిష్ బాగు చేసుకో, ఇంకా మెషీన్లు పెట్టు. ఒక జర్నల్ అయితే 11 నెలలు ఉలుకూ పలుకూ లేదు, రెండుసార్లు మెయిల్ పెట్టా, అవతల మనుషులున్నారో లేదో కూడా తెలీదు. లామ్‌పోర్ట్ పాక్సోస్ అనే తన కన్సెన్సస్ పేపర్‌ని 1990లో పంపితే అది అచ్చయింది 1998లో, అందులో అల్గారిథమ్‌ని చెప్పడానికి అల్లిన గ్రీకు ద్వీపం కథ తీసెయ్యమన్నారని ఆయనే రాసుకున్నాడు, ఆయన పట్టు వదల్లేదు. అది తల్చుకుని ఊరట పడేదాన్ని, ఆయనెక్కడ నేనెక్కడ అన్నది వేరే విషయం. కానీ నాలుగో రిజెక్షన్ మాత్రం వేరు. ఎవరో మహానుభావుడు రెండే లైన్లు రాశాడు. నా ప్రోటోకాల్‌లో తాళం (డేటా రాసే హక్కు ఒకేసారి ఒకరికే ఉండేలా ఇచ్చేది) పట్టుకున్న మెషీన్ పది సెకన్లు పలక్కపోతే అది పోయిందనుకుని తాళం ఇంకోదానికి ఇచ్చేస్తా. ఆయన అడిగింది, మొదటిది చావలేదు, మెమొరీ శుభ్రం చేసుకుంటూ 15 సెకన్లు ఆగిపోయి లేచింది, తాళం ఇంకా తన దగ్గరే ఉందనుకుని రాసేసింది, అప్పుడో? అంతే. అయిదేళ్ళ పని. ప్రూఫ్‌లో నేను "తాళం ఉన్నది ఒకరి దగ్గరే" అని ఎక్కడ అనుకున్నానో వెతికితే పేజీ 3లో, ఇట్ ఈజ్ ఈజీ టు సీ అని రాసిన చోట.

ఆ రోజు రాత్రి అన్నం సహించక కూర్చుంటే నాన్న ఏమైందన్నాడు, చెప్పా. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత అడిగింది ఒకటే, "పది సెకన్లకి లైను ఖాళీ అని ఎవడు చెప్పాడు నీకు?" ఆయన చేసిన రోజుల్లో సింగిల్ లైన్‌లో టోకెన్ అని ఇనప బంతి ఉండేది, రెండు స్టేషన్లలో రెండు మెషీన్లు, కరెంటుతో కలిపి ఉండేవి, ఒక బంతి బయటికి తీస్తే అది మళ్ళీ ఏదో ఒక చివర లోపల పడేదాకా ఇంకో బంతి వచ్చేది కాదు. తోలు సంచిలో పెట్టి బెత్తం రింగుకి తగిలించి డ్రైవర్‌కి ఇస్తే బండి కదిలేది. బండి రాలేదు, గంటైంది, రెండు గంటలైంది, అయినా లైను ఖాళీ అని ఎవరూ అనుకోరు, మనిషిని పంపి చూస్తారు. సిగ్నల్ తీగ తెగితే స్తంభం మీది రెక్క దానంతటదే డేంజర్‌లోకి, అంటే ఆగు అనే వైపుకి, వెళ్ళిపోతుంది. తెలియకపోతే ఆపు, అదీ వాళ్ళ పద్ధతి. "మరి జనం ఆగిపోతారు కదా నాన్నా" అంటే "ఆగుతారు, తిట్టుకుంటారు, ఇంటికెళ్తారు" అన్నాడు.

ఇది విని నాకేదో జ్ఞానోదయం అయిపోయిందని రాస్తే బావుంటుంది గానీ కాలేదు, కోపమొచ్చింది. ఎందుకంటే మా సిస్టమ్స్‌లో అలా ఆగడం కుదరదు, వైజాగ్ చేరబోతూ ఔటర్‌లో ఆగిన బండిలో 40 నిమిషాలు కూర్చున్నవాళ్ళకి తెలుసు సేఫ్టీ ఒక్కటే సరిపోదని. తప్పు జరగకూడదు అనేది ఒకటి, పని ఎప్పటికైనా జరగాలి అనేది ఇంకొకటి, ఈ రెండూ కలిపి కావాలంటేనే ఇంతమంది ఇన్నేళ్ళుగా జుట్టు పీక్కునేది. కానీ ఆయన మాటలో బంతి మీద నా కన్ను ఆగింది. తాళం ఇచ్చినప్పుడల్లా పెరుగుతూ పోయే ఒక నంబర్ ఇచ్చి, డేటా దాచే చోట "ఇంతకన్నా పెద్ద నంబర్ నేను చూసేశా, నీది పాతది, పో" అనగలిగితే చాలు, నిద్ర లేచిన మెషీన్ ఏం రాసినా చెల్లదు. ఈ ఉపాయం నేను కనిపెట్టింది కాదు, ఫెన్సింగ్ అని ముందే ఉంది, నేను చదవలేదంతే. మళ్ళీ రాయడానికి ఎనిమిది నెలలు పట్టింది. అయిదోసారికి తీసుకున్నారు, పెద్ద కాన్ఫరెన్స్ ఏం కాదు.

ఇంకో పేపర్ గురించి చెప్పాలి, ఎందుకంటే దాని వల్లే నేను ఈ ఊళ్ళో ఉండి ఈ పని చెయ్యొచ్చు అని ధైర్యం వచ్చింది. హుద్‌హుద్ వచ్చిన వారమే, అక్టోబర్ 6 నుంచి 8 వరకు, అమెరికాలో ఓఎస్‌డీఐ అని మా రంగంలో పెద్ద కాన్ఫరెన్స్ జరిగింది, టొరంటో యూనివర్సిటీ వాళ్ళు ఒక స్టడీ పెట్టారు, కాసాండ్రా, హెచ్‌బేస్, హెచ్‌డీఎఫ్‌ఎస్, మ్యాప్‌రెడ్యూస్, రెడిస్, ఈ అయిదు డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌లో యూజర్లు రిపోర్ట్ చేసిన 198 ఫెయిల్యూర్లు తీసుకుని ఒక్కొక్కటీ విప్పి చూశారు. మొత్తం సిస్టమ్ పడిపోయిన వాటిల్లో 92 శాతం, సాఫ్ట్‌వేర్ "ఇదిగో ఎర్రర్ వచ్చింది" అని తనే చెప్పాక కూడా ఆ ఎర్రర్‌ని సరిగ్గా పట్టించుకోకపోవడం వల్ల. హ్యాండ్లర్, అంటే ఎర్రర్ వచ్చినప్పుడు నడవాల్సిన కోడ్, ఖాళీగా ఉండడం, లేకపోతే లోపల "తర్వాత చూడాలి" అని కామెంట్ రాసి వదిలేయడం, అలాంటివి కూడా ఉన్నాయి. ఇక నాకు కళ్ళల్లో నీళ్ళు తెప్పించిన లైను ఏంటంటే, 98 శాతం ఫెయిల్యూర్లు మూడు మెషీన్లు ఉంటే చాలు బయటపడతాయి. మూడు! నా దగ్గర ఉన్నవే మూడు. కరెంటు వచ్చాక, నెట్ వచ్చాక, డిసెంబర్‌లో ఎప్పుడో ఆ పేపర్ ప్రింట్ తీసుకుని చదివి, ఆ లైను కింద గీత గీసి ఆ కాగితాన్ని లాబ్ బీరువాకి అంటించా, ఇప్పటికీ ఉంది, పసుపెక్కిపోయింది. అప్పట్నుంచీ మేం కొత్త అల్గారిథమ్‌లు కనిపెట్టడం దాదాపు మానేశాం, ఓపెన్ సోర్స్ సిస్టమ్స్ తీసుకుని, ఎర్రర్ వచ్చినప్పుడు ఏం చేస్తాయో వెతకడం, అదే మా పని. పెద్ద పేరొచ్చే పని కాదు. వెతికితే దొరుకుతూనే ఉంటాయి మాత్రం. మొదట నా సొంత కోడ్‌లో వెతికా, ఖాళీ హ్యాండ్లర్లు ఏడు దొరికాయి, ఇది ఎవరికీ చెప్పలేదు ఇప్పటిదాకా.

క్లాసులో రెండు సైన్యాల కథ, అంటే మధ్యలో పోయే వీలున్న కబుర్లతో ఇద్దరు సేనాపతులు ఒకేసారి దాడికి ఒప్పుకోగలరా అనే చిక్కు, చెప్పేటప్పుడు ముందు బెంచీ అమ్మాయినీ వెనక బెంచీ అబ్బాయినీ సేనాపతుల్ని చేస్తా. రేపు వెళ్ళేది రుషికొండా భీమిలా అని ఇద్దరూ చీటీల మీద తేల్చుకోవాలి, మధ్య బెంచీల వాళ్ళకి చీటీ నొక్కేసే హక్కుంది. "రుషికొండ" అని పంపింది, అందిందో లేదో తెలీదు. "అందింది" అని వాడు పంపాడు, అది అందిందో లేదో వాడికి తెలీదు. అలా ఎన్ని చీటీలైనా చివరి చీటీ పంపినవాడికి ఎప్పుడూ అనుమానమే. ఒక ఏడాది ఒక పిల్ల లేచి "బ్లూ టిక్ పడుతుంది కదా మేడమ్" అంది, "నువ్వు బ్లూ టిక్ చూశావని వాడికి తెలిసిందా?" అన్నా, క్లాసంతా ఒక్క క్షణం ఆగి గొల్లుమంది. జీతం కాకుండా ఈ ఉద్యోగంలో నాకు మిగిలింది ఏంటంటే ఆ ఒక్క క్షణం.

పిల్లలు వెళ్ళిపోతారు. బాగా చేసినోళ్ళు ముందు వెళ్ళిపోతారు. సిరా మర్చిపోయిన అబ్బాయి ఇప్పుడు బెంగళూరులో పెద్ద డేటాబేస్ టీమ్‌లో ఉన్నాడు, నా జీతానికి అయిదింతలు, దీపావళికి ఫోన్ చేసి "మేడమ్, ఇక్కడ కూడా సిరా పెట్టట్లేదు" అంటాడు. పీహెచ్‌డీలో చేరిన ఇంకొకతను రెండేళ్ళు కనపడలేదు, మెయిల్‌కి జవాబు లేదు, నేను మానేశాడనుకుని సీటు ఖాళీ అని రాసేద్దామనుకుంటున్న వారం మెల్లగా తలుపు దగ్గర నిలబడ్డాడు, వాళ్ళమ్మకి డయాలసిస్ అట, చెప్పుకోలేకపోయాడు. నా టైమౌట్, జవాబు కోసం ఆగే గడువు, అక్కడా చిన్నదే. ఇప్పుడు కొత్త బ్యాచ్ వాళ్ళు అడిగేది ఒకటే, గూగుల్ వైజాగ్‌లో అయిదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెడతానని 2025 అక్టోబర్‌లో ప్రకటించింది కదా, సముద్రం కేబుల్ కూడా ఇక్కడికే వస్తుందంట, మనకి ఉద్యోగాలొస్తాయా మేడమ్ అని. బిల్డింగ్ వస్తే లోపల ఏం జరుగుతుందో తెలిసినోళ్ళకి పని దొరకదని నేననను, కానీ మూడు డెస్క్‌టాప్‌ల మీద నేర్చుకోనివాడు మూడు లక్షల మెషీన్ల మీద నేర్చుకోడు, ఇది మాత్రం అంటా. ఇది విని పిల్లలు బోర్ కొట్టి వెళ్ళిపోతారు.

ఆ 200 పదాల గడిలో చివరికి లాంఛనంగా ఏదో రాశా, ఫాల్ట్ టాలరెన్స్, స్కేలబిలిటీ, సొసైటీకి ఉపయోగం అని. ఇవాళ సాయంత్రం 142 పీడీఎఫ్‌లూ ఎక్కించి సబ్మిట్ నొక్కా. గుండ్రం తిరిగింది, తిరిగింది, "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్, దయచేసి మళ్ళీ ప్రయత్నించండి" అని వచ్చింది. వెళ్ళిందో లేదో ఎక్కడా లేదు. ఆఫీసులో సెక్షన్ చూసే ఆయనకి ఫోన్ చేస్తే, "మేడమ్ మేడమ్, మళ్ళీ నొక్కకండి, కిందటేడు ఒక సారుకి అలాగే రెండు అప్లికేషన్లు పడిపోయి రెండూ రిజెక్టయిపోనాయి" అన్నారు. మరి వెళ్ళిందో లేదో ఎలా తెలుస్తుందండీ అంటే, "సోమవారం వచ్చి చూసి చెప్తాను, ఈలోగా స్క్రీన్ అలాగే ఉంచండి" అన్నారు.

నాన్నకి చెప్పా. ఎనభయ్యేళ్ళొచ్చాయి, చెవులు సరిగ్గా వినపడవు, రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. "మనిషిని పంపి చూస్తామన్నాడు కదా, మరేటి" అని పేపర్ చదువుకుంటున్నాడు. లాప్‌టాప్ చార్జింగ్‌లో పెట్టి, మూత వెయ్యకుండా, పిల్లల్ని దాని దగ్గరికి రావద్దని చెప్పి ఇది ఫోన్లో రాస్తున్నా. స్క్రీన్ మీద ఆ మాట ఇంకా అలాగే ఉంది.